చెట్టు కాలం, పాలన కాలం: దక్షిణ రాయలసీమ కొండల్లో అటవీ పరిశోధన, నిర్వహణ చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• దక్షిణ రాయలసీమ అడవులపై 1882కు ముందు, తరువాత అమలైన పాలనా విధానాలను వివరించగలుగుతారు.
• అడవి పెరుగుదలను ఎలా కొలుస్తారో, ఆ కొలతకు దశాబ్దాల కాలం ఎందుకు పడుతుందో చెప్పగలుగుతారు.
• అడవిని కలప కోసం, నీటి కోసం, విహారం కోసం ఏకకాలంలో నిర్వహించడంలోని సమస్యలను చర్చించగలుగుతారు.
• మీ ప్రాంతంలోని అడవిని ఒక చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

9.1 పరిచయం

తిరుపతి నుంచి పుత్తూరుకు బస్సులో వెళ్ళేవారికి వడమాలపేట పరిసరాల్లో కొండలు తోడుగా వస్తాయి. వైశాఖంలో చూస్తే ఆ కొండలు బండరాళ్ళతో, ఆకు రాలిన చెట్లతో బోసిగా ఉంటాయి. కార్తికంలో చూస్తే అవే కొండలు పచ్చగా ఉంటాయి, కోనల్లో నీళ్ళు దూకుతుంటాయి. బస్సు కిటికీలోంచి చూసేవారిలో చాలామంది ఇదంతా చిట్టడవి, ఇందులో చూడవలసింది ఏమీ లేదు అనుకుంటారు. చరిత్ర విద్యార్థి అలా అనుకోరాదు. ఆ చిట్టడవి ప్రకృతి ఒక్కటే చేసింది కాదు. ఎవరు ఎప్పుడు ఎందుకు నరికారో, ఎవరు ఎప్పుడు ఎందుకు కాపాడారో ఆ కొండవాలు మీదే నమోదై ఉంది. శాసనాన్నీ, కైఫీయతునూ చదివినట్లే కొండనూ చదవవచ్చు.

ఈ భాగంలో మనం ఒక ప్రధాన విషయాన్ని పరిశీలిస్తాం. అడవి నుంచి ఏం కోరాలన్న దానిపై ప్రభుత్వాల అభిప్రాయం ఇరవై, ముప్పై ఏళ్ళకొకసారి మారుతూ వచ్చింది. చెట్టు పెరగడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఒక ఉద్దేశంతో నాటిన మొక్క మానయ్యేలోపు ఆ ఉద్దేశమే మారిపోతుంది. ఈ రెండు కాలాల మధ్య తేడాయే మన అడవుల చరిత్రలోని అనేక వైఫల్యాలకు మూలం. ఈ తేడాను పూడ్చగలిగేవి రెండు: తరాల పాటు తెగకుండా సాగే పరిశోధన, అడవి పక్కన తరతరాలుగా ఉండే ప్రజల బాధ్యత.

9.2 అడవి, కోన, జమీందారీ

వడమాలపేట, పుత్తూరు, నారాయణవనం, నగరి పరిసరాలు బ్రిటిషు కాలంలో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. ఇక్కడి భూములలో, కొండలలో చాలా భాగం కార్వేటినగరం జమీందారీ కిందిది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ ప్రాంతం అందులో చేరింది. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడడంతో వడమాలపేట మండలం ఆ జిల్లాలోకి వచ్చింది. కొండ కదలకుండా ఉన్నచోటే ఉంది, దాని మీద అధికారం మాత్రం ఇన్నిసార్లు చేతులు మారింది.

జమీందారీ కాలంలో కొండ అడవి గ్రామజీవితంలో భాగం. వంటచెరకు, నాగలికీ బండికీ కావలసిన కర్ర, ఇంటి వాసాలు, పొలానికి ఆకు ఎరువు, పశువులకు మేత, కరక్కాయ, ఉసిరి, కుంకుడు, తేనె, చింతపండు అన్నీ అక్కడి నుంచే వచ్చేవి. కొన్నింటికి జమీందారుకు రుసుము చెల్లించేవారు, కొన్నింటిని వాడుక హక్కుగా తెచ్చుకునేవారు.

అడవికి ఇంకొక ఉపయోగం కూడా ఉండేది. దానికి ఎవరూ లెక్క రాయలేదు. ఈ ప్రాంతంలో కొండల మధ్య నీరు దూకే లోయను కోన అంటారు. వడమాలపేట మండలంలోని సదాశివకోన, నారాయణవనం దగ్గరి కైలాసకోన, పడమట ఎర్రావారిపాళెం మండలంలోని తలకోన ఇటువంటివే. మూడింటిలోనూ జలపాతం పక్కన శివాలయం ఉంది. కార్తికమాసంలో ఉసిరి చెట్టు నీడన వనభోజనాలు చేయడం తెలుగువారందరికీ తెలిసిన ఆచారం. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు అందరూ కలిసి ఊరు వదిలి చెట్ల కిందికి వెళ్ళే రోజు అది. ఈనాడు అటవీ శాస్త్రం విహారం అని పిలిచే ప్రయోజనం మన ప్రాంతంలో కొత్తది కాదు. ఇక్కడ అది తీర్థం, తిరునాళ్ళు, వనభోజనం అనే పేర్లతో ఉండేది.

9.3 ఓడలు, రైళ్ళు, వంటచెరకు

ఈ కొండల సరుకు బయటి ప్రపంచానికి పాతకాలం నుంచే తెలుసు. శేషాచలం, పాలకొండ, వెలిగొండ, లంకమల కొండల్లో సహజంగా పెరిగే ఎర్రచందనం ప్రపంచంలో మరెక్కడా ఇంతగా అడవిగా కనిపించదు. దాని చేవలోని ఎరుపు రంగు పదార్థం కోసం ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం నుంచే కోరమాండల్ తీరం మీదుగా ఈ కలపను ఎగుమతి చేసింది. అప్పట్లో ఐరోపాలో నూలు, ఉన్ని అద్దకానికి సహజమైన రంగులే ఆధారం. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో రసాయన రంగులు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది.

అంతలో అడవి మీద మరొక ఒత్తిడి వచ్చింది. మద్రాసు రైల్వే వాయవ్య మార్గం అరక్కోణం, పుత్తూరు, రేణిగుంట, కడపల మీదుగా సాగి 1871 నాటికి రాయచూరు దగ్గర బొంబాయి నుంచి వచ్చే లైనుతో కలిసింది. ఈనాడు రేణిగుంటకూ పుత్తూరుకూ నడుమ పూడి, తడుకుపేట స్టేషన్లు ఉన్నది ఈ మార్గం మీదే. తొలి దశాబ్దాల్లో మద్రాసు రైల్వే ఇంజన్లకు ముఖ్యమైన ఇంధనం బొగ్గు కాదు, కట్టెలు. పట్టాల కింద వేసే స్లీపర్లకు కూడా గట్టి కలప కావాలి. రైలు దారికి అందుబాటులో ఉన్న కొండలపై గొడ్డలి పడింది. పెరిగే పట్టణాల వంటచెరకు అవసరం దీనికి తోడైంది.

9.4 శాస్త్రీయ అటవీ నిర్వహణ రాక

అడవిలో ఏటా పెరిగినంతే నరకాలి, అసలును ముట్టుకోకుండా వడ్డీతో బతకాలి అన్న సూత్రం జర్మనీలో రూపుదిద్దుకుంది. అక్కడ గనుల కోసం అడవులు తరిగిపోతుండగా హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ 1713లో ఈ ఆలోచనను గ్రంథస్థం చేశాడు. దీన్నే మనం సుస్థిర దిగుబడి అంటున్నాం.

మద్రాసు రాజధానిలో 1856లో అటవీ శాఖ ఏర్పడింది. హ్యూ క్లెగ్‌హార్న్ దాని మొదటి కన్జర్వేటరు. ఆయన వృత్తిరీత్యా వైద్యుడు, వృక్షశాస్త్రంలో నిపుణుడు. ఆయన తరువాత వచ్చిన బెడ్డోమ్ దక్షిణ భారత వృక్షాలపై పెద్ద గ్రంథం రాశాడు. తిరుపతి, కడప కొండల్లో మాత్రమే పెరిగే పేరిత మొక్క శాస్త్రీయ నామంలో ఇప్పటికీ బెడ్డోమ్ పేరు ఉంది. మన కొండలలో అటవీ పరిశోధన మొదటి దశ ఇదే: ఏ కొండ మీద ఏ చెట్టు ఉందో చూడడం, గుర్తించడం, పేరు పెట్టడం.

రెండవ దశను తెచ్చినవాడు డీట్రిచ్ బ్రాండిస్. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడైన ఈయన 1864లో భారత అటవీ శాఖకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. 1878 అటవీ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం వెంటనే అమలు చేయడానికి ఒప్పుకోలేదు. ఇక్కడి అడవులలో గ్రామస్థులకు వాడుక హక్కులు లేనిది దాదాపు లేదని రెవెన్యూ బోర్డు వాదించింది. ఈ ప్రతిష్టంభనను తొలగించడానికి బ్రాండిస్ 1881లో మద్రాసు వచ్చాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది.

ఈ చట్టం కింద ప్రభుత్వం ముందుగా ఒక ప్రాంతాన్ని రిజర్వు చేయదలచినట్లు ప్రకటిస్తుంది. సెటిల్‌మెంటు అధికారి వచ్చి దారి, నీరు, మేత, అటవీ ఉత్పత్తులపై ఎవరికైనా హక్కులున్నాయా అని విచారిస్తాడు. విచారణ ముగిశాక 16వ సెక్షను కింద అది రిజర్వు అడవి అవుతుంది. నిర్ణీత గడువులో అర్జీ పెట్టుకోనివారి హక్కు పోతుంది. చదువురాని గొర్రెల కాపరికి ఈ గడువు సంగతి ఎంతవరకు తెలిసి ఉంటుందో మీరు ఊహించవచ్చు. మేతకు రుసుము, కట్టెలకు పర్మిటు, పట్టుబడితే జరిమానా వచ్చాయి.

ఫలితం మీకు తెలిసిందే. రైతుల ఫిర్యాదుల మీద 1912లో మద్రాసు ప్రభుత్వం ఫారెస్టు కమిటీని నియమించింది. కొన్ని అడవులను గ్రామ పంచాయతీలకు అప్పగించాలని 1913లో ఆ కమిటీ సూచించింది. సహాయ నిరాకరణ కాలంలో, 1921లో, కడప జిల్లా రాయచోటి తాలూకాలోనూ గుంటూరు జిల్లా పల్నాడులోనూ అటవీ సత్యాగ్రహాలు జరిగాయి. పల్నాడులో పుల్లరి చెల్లించరాదని నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో మరణించాడు. శాస్త్రీయ నిర్వహణ చెట్టును లెక్కించింది కాని, చెట్టు పక్కనున్న మనిషిని లెక్కలోకి తీసుకోలేదు.

జమీందారీ కొండలకు ఈ చట్టం రక్షణ కూడా సరిగా అందలేదు. అవి ప్రైవేటు ఆస్తి. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వస్తుందని తెలిసినప్పుడు రాష్ట్రంలో అనేకచోట్ల యజమానులు చెట్లను ముందే నరికి అమ్ముకున్నారు. దాన్ని అరికట్టడానికే 1949లో ప్రైవేటు అడవుల సంరక్షణ చట్టం చేయవలసి వచ్చింది. జమీందారీల నుంచి ప్రభుత్వానికి వచ్చిన అడవులు చాలావరకు అప్పటికే నీరసించి ఉన్నాయి. ఒక కొండ మీద చిట్టడవి, పక్క కొండ మీద చిక్కటి అడవి కనిపిస్తే నేల, వాన తేడాలతోపాటు పాత యాజమాన్యం తేడాను కూడా చరిత్ర విద్యార్థి పరిశీలించాలి.

9.5 పెరుగుదలను ఎలా కొలుస్తారు?

అటవీ పరిశోధనలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న చాలా చిన్నది: ఈ చెట్టు ఏడాదికి ఎంత పెరుగుతుంది?

కొన్ని జాతుల్లో కాండాన్ని అడ్డంగా కోసి వలయాలు లెక్కపెడితే వయసు తెలుస్తుంది. మన ఎండు అడవుల్లోని జాతులన్నింటిలో ఆ వలయాలు స్పష్టంగా ఉండవు. అందుకే అడవిలో కొంత స్థలాన్ని నమూనా ప్లాటుగా గుర్తించి, ప్రతి చెట్టుకూ నంబరు వేసి, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీస్తారు. దీన్ని రొమ్ము ఎత్తు కొలత అంటారు. కొన్నేళ్ళకొకసారి అదే చెట్టుకు, అదే ఎత్తులో మళ్ళీ కొలుస్తారు. ఒక కొలత పనికిరాదు. రెండు కొలతలు కొంత చెబుతాయి. ముప్పై, నలభై ఏళ్ళ కొలతల పుస్తకం ఉంటేనే ఆ అడవి స్వభావం తెలుస్తుంది. ప్లాటు మొదలుపెట్టిన ఉద్యోగి దాని ఫలితం చూడడు. ఆయన తరువాత వచ్చినవారు చూస్తారు, పుస్తకం భద్రంగా ఉంటే.

ఈ కొలతల ఆధారంగా కార్యాచరణ ప్రణాళిక తయారుచేస్తారు. ఒక ఉదాహరణ చూద్దాం. 1,200 హెక్టార్ల కట్టెల అడవి ఉందనుకుందాం. నరికిన మోడు నుంచి వచ్చే పిలకలు మళ్ళీ కోతకు రావడానికి 40 ఏళ్ళు పడుతుందనుకుందాం. అప్పుడు అడవిని 40 కూపులుగా విభజించి ఏటా ఒక కూపు, అంటే 30 హెక్టార్లు మాత్రమే నరకాలి. 41వ ఏట మొదటి కూపు మళ్ళీ సిద్ధంగా ఉంటుంది. మోడు పిలకలతో అడవిని పునరుద్ధరించే ఈ విధానమే కాపిస్ పద్ధతి.

కాగితం మీద ఇది చక్కని లెక్క. అయితే 15వ ఏట విధానం మారిందనుకోండి. అప్పటికి నరికింది 450 హెక్టార్లు. మిగిలిన 750 హెక్టార్లకు వేరే నియమం వస్తుంది. లేదా నరికిన కూపుల్లోకి పశువులు వచ్చి పిలకలు తినేశాయనుకోండి. లేదా రెండేళ్ళకొకసారి నిప్పు అంటుకుంటోందనుకోండి. అప్పుడు 40 ఏళ్ళ లెక్క చెల్లదు. మన కొండల్లో ఇటువంటివన్నీ అడవుల మీద పడిన దెబ్బలే.

సంస్థల చరిత్ర కూడా తెలుసుకోవాలి. 1906లో డెహ్రాడూన్‌లో అటవీ పరిశోధన సంస్థ ఏర్పడింది. 1912లో కోయంబత్తూరులో మద్రాసు అటవీ కళాశాల మొదలైంది. డెహ్రాడూన్ సంస్థలో పనిచేసిన చాంపియన్ 1936లో భారత అడవులను రకాలుగా వర్గీకరించాడు. 1968లో సేఠ్‌తో కలిసి సవరించిన ఆ వర్గీకరణలో మన ఎర్రచందనం అడవికి ప్రత్యేక స్థానం దక్కింది. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఈ కొండల వృక్షసంపదపై స్థానికంగానే అధ్యయనం సాగింది. చిత్తూరు జిల్లా పుష్పించే మొక్కలపై మాధవ చెట్టి, శివాజీ, తులసీరావులు కలిసి రూపొందించిన గ్రంథం 2008లో వెలువడింది.

9.6 ఒక మొక్క, ఆరు ఉద్దేశాలు

ఎర్రచందనం ఉదాహరణతో ఈ విషయం బాగా అర్థమవుతుంది. శేషాచలం వాలులో 1950లో ఒక మొక్క నాటారనుకుందాం. దాని జీవితకాలంలో ఏమేం మారాయో చూడండి.

మొక్క వయసు 2 ఏళ్ళు: 1952 జాతీయ అటవీ విధానం వచ్చింది. దేశ భూభాగంలో మూడోవంతు అడవి ఉండాలని లక్ష్యం పెట్టి, దేశ అవసరాలకు కలప అందించడానికి ప్రాధాన్యం ఇచ్చింది.
17 ఏళ్ళు: 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది.
30 ఏళ్ళు: 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. కేంద్రం అనుమతి లేకుండా అటవీ భూమిని ఇతర పనులకు మార్చరాదు.
38 ఏళ్ళు: 1988 జాతీయ అటవీ విధానం మునుపటి దృష్టిని తలకిందులు చేసింది. పర్యావరణ సమతుల్యత ముందు, ఆర్థిక లాభం తరువాత అని ప్రకటించింది.
39 ఏళ్ళు: 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఏర్పడింది. ఆ హద్దుల్లో ఉన్న చెట్టు ఇక నరకడానికి కాదు, నిలబడి ఉండడానికే.
60 ఏళ్ళు: 2010లో శేషాచలం జీవావరణ రిజర్వు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే మొదటిది.

ఆరు దశాబ్దాల్లో చెట్టు చేసింది ఒకే పని, పెరగడం. ఎర్రచందనం నెమ్మదిగా పెరుగుతుంది. విలువంతా పైచెక్కలో కాదు, లోపలి చేవలో ఉంది. రాతినేలలో, తక్కువ నీటితో, ఏళ్ళ తరబడి నిలబడితేనే గట్టి చేవ పడుతుంది. ఆ కలప నీళ్ళలో మునిగేటంత బరువు. నీరు, ఎరువు పోసి పెంచితే మాను త్వరగా లావెక్కవచ్చు, చేవ కూడా అంతే వేగంగా ఏర్పడుతుందని అనుకోరాదు. పొలంలో ఎర్రచందనం వేయాలనుకునే రైతు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇది.

అద్దకానికి గిరాకీ పోయినా కలపకు గిరాకీ పోలేదు. జపానులో షామిసెన్ అనే తీగవాద్యం మెడభాగానికీ, చైనాలో ఖరీదైన సామానుకూ దీన్ని వాడతారు. 1995లో ఇది అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం రెండవ అనుబంధంలోకి చేరింది. అడవి నుంచి తెచ్చిన కలప ఎగుమతిపై నిషేధం ఉన్నా దొంగరవాణా ఆగలేదు. 2013 డిసెంబరులో శేషాచలం అడవుల్లో ఇద్దరు అటవీ అధికారులు దుంగల దొంగల దాడిలో ప్రాణాలు కోల్పోయారు. 2015 ఏప్రిల్ 7న అదే అడవుల్లో తమిళనాడుకు చెందిన 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో మరణించారు. కొండకు కాపలా ఉన్నవారు, కొండ ఎక్కి దుంగ మోసినవారు ఇద్దరూ పేద, మధ్యతరగతి కుటుంబాల వారే. లాభం చూసినవారు వేరేచోట ఉన్నారు. చెట్టు విలువ పెరిగి, దాని పక్కనున్న మనిషికి న్యాయమైన వాటా లేనప్పుడు ఏం జరుగుతుందో ఈ రెండు సంఘటనలు చూపుతాయి.

పట్టా భూముల్లో పెంచిన ఎర్రచందనం ఎగుమతికి 2019లో కేంద్రం వీలు కల్పించింది. ఇది రైతుకు మంచి అవకాశం. అయితే పొలంలో పెరిగిన దుంగకూ అడవిలో నరికిన దుంగకూ తేడా కనిపెట్టే నమ్మకమైన పద్ధతి కావాలి. అంటే మళ్ళీ పరిశోధన దగ్గరికే వచ్చాం.

9.7 విహారం: కొత్త పేరు, పాత పని

ఇరవయ్యవ శతాబ్దంలో ఇతర దేశాలు విహారాన్ని అటవీ నిర్వహణలో అధికారిక ప్రయోజనంగా గుర్తించాయి. 1919లో కలప కొరత తీర్చడానికి ఏర్పడిన బ్రిటన్ అటవీ కమిషను 1935లో స్కాట్లండులోని ఆర్గైల్‌లో ప్రజల కోసం మొదటి అటవీ పార్కును తెరిచింది. అమెరికాలో 1960 నాటి చట్టం జాతీయ అడవుల ప్రయోజనాలుగా విహారం, మేత, కలప, నీటి పరివాహకం, వన్యప్రాణి అనే అయిదింటిని పేర్కొంది.

మన దగ్గర ఇది పర్యావరణ పర్యాటకం పేరుతో వచ్చింది. తలకోన ఇందుకు మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఉమ్మడి అటవీ యాజమాన్యం కింద గ్రామాల్లో వన సంరక్షణ సమితులు ఏర్పడ్డాయి. నేరబైలు వన సంరక్షణ సమితి తలకోన సందర్శకుల ఏర్పాట్లలో భాగస్వామి అయింది. అక్కడ 80 మీటర్లకు పైగా ఎత్తు నుంచి నీరు దూకుతుంది. చెట్ల పైకప్పు మధ్య నడిచే తాళ్ళ వంతెన ఉంది. చెట్లను అల్లుకుపోయే గిల్లతీగ ఉంది. నిలబడి ఉన్న చెట్టు కూడా ఊరికి ఆదాయం తేగలదని చూపడమే ఈ ప్రయోగంలోని ముఖ్యాంశం.

విహారానికీ ఖర్చు ఉంది. దాన్ని కూడా కొలవాలి. ఒకే కాలిబాట మీద వేలమంది నడిస్తే మట్టి గట్టిపడి నీరు ఇంకదు, విత్తనం మొలవదు. వంట పొయ్యిలోని నిప్పురవ్వ బోదగడ్డికి అంటుకుంటే కొండ మొత్తం కాలుతుంది. 2014 మార్చిలో శేషాచలం అడవికి నిప్పు అంటుకున్నప్పుడు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2023 ఆగస్టులో తిరుమల అలిపిరి నడకదారిలో చిరుతపులి దాడిలో ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తరువాత పిల్లలతో నడిచే వేళలపై పరిమితులు పెట్టారు. జనం నడిచే అడవి, జంతువు తిరిగే అడవి ఒకటే అయినప్పుడు వేళలు, దారులు, చెత్త పారవేత అన్నీ నిర్వహణలో భాగమే.

సదాశివకోన వంటి చిన్న చోట్ల ఈ సమస్య మరింత స్పష్టంగా తెలుస్తుంది. భక్తులు కాలినడకన వెళ్ళే అటువంటి కోనకు తారురోడ్డు వేస్తే ముసలివారికి మేలు, కాని జనం తాకిడి పెరుగుతుంది. రోడ్డు వద్దంటే నడవగలిగినవారికే కోన దక్కుతుంది. ఏది సరైనదో పుస్తకం చెప్పలేదు. అయితే నిర్ణయానికి ముందు ఏం తెలుసుకోవాలో చెప్పగలదు: ఏ నెలలో ఎంతమంది వస్తున్నారు, దారి పక్కన మొలకలు నిలుస్తున్నాయా, వేసవిలో ఊట ఎన్నాళ్ళు ఉంటోంది, కింది ఊళ్ళ చెరువులకు నీరు ఏ మేరకు చేరుతోంది. మన ఎండు కొండల్లో అడవి ఇచ్చే అన్నిటికంటే విలువైన పంట కలప కాదు, నీరు. చెట్టు పెరుగుదలకూ విహారానికీ పోటీ వచ్చినప్పుడు తీర్పు చెప్పవలసినది నీరే.

పట్టణాల దగ్గర నగరవనాలు పెంచడం ఒక మంచి మార్గం. 2020లో కేంద్రం దేశవ్యాప్త నగరవన పథకం ప్రకటించింది. తిరుపతి శివార్లలోనూ ఇటువంటి వనం ఉంది. ఆదివారం చెట్ల కింద గడపాలనుకునే కుటుంబానికి ఊరి దగ్గరే చోటు దొరికితే లోపలి కోనల మీద భారం తగ్గుతుంది.

9.8 సారాంశం

దక్షిణ రాయలసీమ కొండలను జమీందారు రుసుము కోసం, కంపెనీ రంగు కోసం, రైల్వే కట్టెల కోసం, అటవీ శాఖ క్రమమైన దిగుబడి కోసం, స్వతంత్ర ప్రభుత్వం మొదట కలప కోసం, తరువాత పర్యావరణం కోసం చూశాయి. ఈనాడు పర్యాటకం కోసం చూస్తున్నాం. ప్రతి తరమూ తన అవసరమే శాశ్వతం అనుకుంది. ఈ మార్పులన్నింటి మధ్య తెగకుండా నిలిచినవి రెండే: కొలతల పుస్తకాలను జాగ్రత్తగా కొనసాగించిన పరిశోధన, కోనకూ అడవికీ తరతరాలుగా వెళ్ళివస్తున్న ప్రజల అనుబంధం. మొదటిది లేకపోతే అడవి ఎంత పెరిగిందో తెలియదు. రెండవది లేకపోతే ఎవరి కోసం పెరుగుతోందో తెలియదు. మనం కూడా ఇవాళ ఒక ఉద్దేశంతో మొక్క నాటుతున్నాం. అది మానయ్యే నాటికి మన ఉద్దేశం మారిపోయి ఉండవచ్చు. అందుచేత ఎందుకు నాటామో, ఎప్పుడు నాటామో, ఎంత పెరిగిందో రాసిపెట్టడం మన తరం చేయగల కనీస బాధ్యత.

9.9 కీలక పదాలు

కూపు: కార్యాచరణ ప్రణాళిక ప్రకారం ఒక ఏడాదిలో నరకడానికి గుర్తించిన అటవీ భాగం.
కాపిస్ పద్ధతి: నరికిన మోడు నుంచి వచ్చే పిలకలను పెంచి అడవిని పునరుద్ధరించే విధానం.
చేవ: కాండం లోపలి గట్టి, ముదురు రంగు భాగం.
పుల్లరి: అడవిలో పశువులను మేపినందుకు వసూలు చేసే రుసుము.
రిజర్వు అడవి: హక్కుల విచారణ ముగించి, చట్టం ప్రకారం ప్రభుత్వం ప్రకటించిన అడవి.
సుస్థిర దిగుబడి: ఏటా పెరిగిన మేరకే కోసుకునే విధానం.

9.10 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1878 అటవీ చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం వెంటనే ఎందుకు అమలు చేయలేదు? (5 వాక్యాలలో)
2. నమూనా ప్లాటులో ఒకసారి తీసిన కొలత ఎందుకు సరిపోదు? (5 వాక్యాలలో)
3. 900 హెక్టార్ల అడవికి 30 ఏళ్ళ కోత కాలం ఉంటే వార్షిక కూపు విస్తీర్ణం ఎంత? పదేళ్ళ తరువాత కోత ఆపివేస్తే నరకకుండా మిగిలిన విస్తీర్ణం ఎంత?
4. 1952, 1988 జాతీయ అటవీ విధానాల మధ్య భేదాలను వివరించండి. (10 వాక్యాలలో)
5. విహారం, అటవీ సంరక్షణ పరస్పర విరుద్ధాలా? తలకోన, అలిపిరి ఉదాహరణలతో చర్చించండి. (30 వాక్యాలలో)

9.11 క్షేత్ర కార్యక్రమం

మీ ఊరికి దగ్గరలోని కొండకో, కోనకో, చెరువుగట్టు తోపుకో వెళ్ళండి. అక్కడి బోర్డు మీద ఏ శాఖ పేరు, ఏ ఏడాది ఉన్నాయో రాసుకోండి. అరవై ఏళ్ళు దాటిన ఇద్దరిని కలిసి, వారి చిన్నతనంలో ఆ చోటు ఎలా ఉండేదో, ఏమేం తెచ్చుకునేవారో, ఏ పండుగకు అక్కడికి వెళ్ళేవారో అడిగి తెలుసుకోండి. ఒక చెట్టును ఎంచుకుని 1.37 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీసి, తేదీతో సహా నమోదు చేయండి. వచ్చే ఏడాది అదే తేదీన మళ్ళీ కొలవండి. ఈ రెండు అంకెలే మీ ఊరి అడవి చరిత్రలో మీరు రాసే మొదటి పంక్తి అవుతాయి.